గిటార్‌లో ఏ వైరు వెయ్యాలె? మా అవ్వ అడిగిన ప్రశ్న

  

మొన్న మన గ్రూపులోని ఒక తమ్ముడు నాకు విడిగా మెసేజ్ పెట్టాడు. ఇంద్రవెల్లి వైపు పిల్లగాడు. సెకండ్ హ్యాండ్‌లో ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాడట, లోపల వైర్లు ఊడిపోయి ఉన్నయట. "అన్నా, ఆన్‌లైన్‌ల గుడ్డ చుట్టిన వైరు అమ్ముతున్నరు. పాతకాలపు గిటార్లల్ల అదే ఉండేదంట, అదేస్తే సౌండ్ మంచిగొస్తదంట. కిట్టు పన్నెండు వందలు. కొనాల్నా?" అని అడిగాడు.

వద్దు తమ్మీ, రెండు వందల లోపల నీ పనైపోతది అని అప్పుడే చెప్పిన. కానీ ఆ ఒక్క మాటతో వదిలేస్తే సగమే చెప్పినట్టు అయితది. మిగతా సగం నేను సిగ్గుపడి, భయపడి నేర్చుకున్నది. అందుకే ఇక్కడ అందరికీ రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టు. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. గిటార్ లేనోళ్లు కూడా చదవండి, ఎందుకంటే చివర్లో ఉన్న సంగతి మైకు పట్టుకునే ప్రతి ఒక్కరికీ పనికొస్తది.

నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసి, తర్వాత పాలిటెక్నిక్‌లో రెండో సంవత్సరంలో చేరి హైదరాబాద్ వచ్చాను. ఎండాకాలం సెలవుల్లో ఊరికి పోకుండా ఒక మేస్త్రీ దగ్గర ఇళ్ల వైరింగ్‌కు హెల్పర్‌గా పోయేవాణ్ణి. గోడకు గాడి కొట్టుడు, పైపులేసుడు, వైరు గుంజుడు. ఆ పైసలతోనే హాస్టల్ ఖాళీ చేసి పోతున్న ఒక సీనియర్ దగ్గర మూడున్నర వేలకు గిటార్ కొన్నాను. మూడు పికప్‌లు, ఒక స్విచ్, మూడు గుండీలు ఉన్న రకం. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ చూసి చేసిన చౌక గిటార్.

దసరాకు ఇంటికి తీస్కపోయిన. బాపు ఏమీ అనలేదు. అవ్వ మాత్రం గిటార్‌కు గుచ్చిన కేబుల్ చూసి, అది పోయి ఆంప్లిఫయర్‌ల దూరుడు చూసి, ఆంప్లిఫయర్ వైరు పోయి బోర్డుల దూరుడు చూసి, ఒక్కటే ప్రశ్న అడిగింది. "షాక్ కొట్టదా?"

నేను నవ్వాను. "ఏం కొట్టదు అవ్వా, దీంట్ల కరెంటే ఉండదు" అన్నాను. ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నోణ్ణి, నాకు చెప్తున్నదా అనుకున్నాను.

అవ్వ ఊరికే అడగలేదు. మా చిన్నకాక కరెంటుతోనే పోయిండు. అడవి పందులు రాకుండా ఎవరో జొన్న చేను చుట్టూ సన్న తీగ కట్టి, మీదిపోయే లైన్‌కు కొండి తగిలించారు. తెల్లారకముందు కాక ఆ దారిన పోయిండు. నేనప్పుడు ఆరో తరగతి, ఆశ్రమ పాఠశాలలో ఉన్నాను. మన ఊళ్లల్ల ఇట్లాంటిది ఎంతమందికి తెలుసో నేను చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో వైరు అంటే ముందు గుర్తొచ్చేది కాకనే. ఆ భయంతోనే బాపు నన్ను ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేర్పించిండు. "తెలిసినోడు ఒక్కడన్న ఇంట్ల ఉండాలె" అని.

ఇగ గిటార్ సంగతికొద్దాం. కొన్న రెండు నెలలకు అది గర్రుగర్రుమనుడు మొదలుపెట్టింది. తెరిచి చూస్తే లోపల వైర్లు దారపు పోగుల్లెక్క సన్నగా ఉన్నాయి, రెండు చోట్ల టంకం ఊడింది. నాకు నవ్వొచ్చింది. ఇంత సన్న వైరు ఎవరన్నా వేస్తరా అనుకున్నాను. మాకు ట్రేడ్‌లో నేర్పింది ఏంది? లోడు చూసి వైరు ఎంచుకోవాలె. లైట్లకు 1 లేదా 1.5 స్క్వేర్ ఎంఎం, ప్లగ్గులకు 2.5, గీజర్‌కు, ఏసీకి 4. మందం ఎక్కువుంటే నష్టం లేదు, తక్కువుంటేనే కాలుతది. మేస్త్రీ దగ్గర మిగిలిన 1 స్క్వేర్ ఎంఎం వైరు ముక్కలు నా సంచిలో ఉన్నాయి. పాత వైర్లన్నీ పీకేసి అవి వేసేశాను. పైగా వెనక స్ప్రింగుల దిక్కు పోయే ఒక నల్ల వైరు కనిపిస్తే, అది దేనికీ పోతలేదు గదా, ఇనుముకు అంటించి ఉన్నది అంతే గదా అని దాన్ని మళ్లీ పెట్టలేదు. ఆ వైరు సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం సాయంత్రం, హాస్టల్ హాల్లో మా పిల్లలం ప్రోగ్రాం పెట్టుకున్నాం. డోలు, గుమ్మెల, వాటితోటి నా గిటార్. పాట మొదలుకాకముందే స్పీకర్‌లోంచి "హుం..." అని ఊళ. గుండీ తిప్పినా పోదు. తీగలు పట్టుకున్నా పోదు. వేరే బ్లాక్ నుంచి చూడ్డానికొచ్చినోళ్లల్ల ఒకాయన అందరికీ వినపడేటట్టు అన్నాడు, "మీకు డోలు చాలు గదా బ్రదర్, ఇదెందుకు?" కొంతమంది నవ్వారు. మనవాళ్లు కూడా ఒకరిద్దరు నవ్వారు. నాకు చెవులు కాలిపోయినయి.

గిటార్ కింద కేబుల్ గుచ్చే చోట ఇనుప ప్లేటు ఉంటది. కంగారులో కేబుల్ సరిగ్గా కూసుందో లేదో అని ఆ ప్లేటు మీద చెయ్యి పెట్టాను. ఊళ సగం తగ్గింది. హమ్మయ్య అనుకుని, చెయ్యి అట్లనే పెట్టి, "ఒక్క నిమిషం" అని చెప్దామని మైకు దగ్గరికి మూతి పెట్టాను. పెదవి మైకు జాలీకి తగలగానే చురుక్కుమంది. చీమ కుట్టినంత కాదు, తేలు కొండితో గీరినట్టు. వెనక్కి దుంకాను. చూసినోళ్లు దాన్ని కూడా నవ్వులాటే అనుకున్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన అన్న మాట ఒక దిక్కు. అవ్వ అడిగిన ప్రశ్న ఇంకో దిక్కు.

తెల్లారి నుంచి అసలు గిటార్ లోపల ఏం జరుగుతదో చదువుడు మొదలుపెట్టాను. నాకు అర్థమైంది మీకు చెప్తా.

పికప్ అంటే అయస్కాంతం చుట్టూ చుట్టిన తీగ. నా గిటార్ లాంటి సింగిల్ కాయిల్ పికప్‌లో 42 గేజ్ తీగ, అంటే మన వెంట్రుకంత సన్నది, దాదాపు 8,000 చుట్లు ఉంటది. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం కదులుతది, చుట్టలో చిన్న వోల్టేజి పుడతది. జనరేటర్ సూత్రమే. పదో తరగతిలో ఫారడే నియమం అని చదివినమే, అదే. పుట్టేది ఒక వోల్టులో పదో వంతు అటూఇటూ. అది స్విచ్ దాటి, వాల్యూమ్, టోన్ గుండీలు దాటి, జాక్ నుంచి బయటికొస్తది. పారే కరెంటు మిల్లీ ఆంపు కూడా ఉండదు, అందులో వెయ్యో వంతుల లెక్క. అంటే లోడు చూసి వైరు ఎంచుకునే మా ట్రేడ్ లెక్క ఇక్కడ పనికిరాదు. కాలడానికి ఇక్కడ ఏమీ లేదు.

మరి సన్న వైరులో సౌండ్ తగ్గదా? లెక్క చెయ్యండి. 24 గేజ్ రాగి వైరుకు మీటరుకు నిరోధం 0.084 ఓమ్. గిటార్ లోపల అన్ని ముక్కలూ కలిపితే మీటరు అటూఇటూ ఉంటది. పికప్ చుట్ట నిరోధం దాదాపు 6,000 ఓమ్‌లు. ఆరు వేల పక్కన 0.084 ఎంత? 70 వేల వంతుల్లో ఒక వంతు. దాన్ని ఏ చెవీ పట్టలేదు. అందుకే గుడ్డ వైరు వేస్తే పాతకాలపు సౌండ్ వస్తదనేది నమ్మకండి. ఫెండర్ వాళ్లు 1950లలో గుడ్డ వైరు వాడింది నిజమే. అప్పటి రేడియోల్లో, ఆంప్లిఫయర్లలో అందరూ వాడేది అదే.

గుడ్డ వైరులో ఒక సుఖం మాత్రం ఉంది. పైనున్న నూలు పొరను వేళ్లతో వెనక్కి నెడితే రాగి బయటికొస్తది, టంకం పెట్టి మళ్లీ ముందుకు లాగొచ్చు. ఒలిచే పని లేదు, వేడికి కరిగే పని లేదు. దొరికితే, పైసలుంటే వాడుకోండి. సౌండ్ కోసం మాత్రం కొనకండి.

ఇంక నా మందపు వైరు చేసిన నష్టం చెప్తా. అది 1 స్క్వేర్ ఎంఎం, గిటార్‌కు కావాల్సింది 0.2. ఐదింతలు. అంత రాగికి టంకం అంటాలంటే వేడి ఎక్కువ కావాలె. ఎక్కువసేపు ఐరన్ ఆనించి ఉంచితే వాల్యూమ్ గుండీ లోపలి కార్బన్ పట్టీ దెబ్బతిన్నది. రెండోది, మందపు వైరు బిరుసుగా ఉంటది. పైన ప్లాస్టిక్ పలక మూసి స్క్రూలు బిగిస్తుంటే అది స్ప్రింగులెక్క నెట్టి, స్విచ్ కాలు ఒకటి విరగ్గొట్టింది. గుండీ కొత్తది, స్విచ్ కొత్తది కొనాల్సొచ్చింది. ఫ్రీగా దొరికిన వైరుకు నేను కట్టిన ధర అది.

కోఠి గుజరాతీ గల్లీకి పోయాను. ఎలక్ట్రానిక్స్ సామాన్లకు హైదరాబాద్‌లో అందరూ పోయేది అక్కడికే. చిన్న షాపులో ఒక పెద్దాయన కూసున్నాడు. గిటార్‌కు వైరు కావాలంటే ఆయనకు అర్థం కాలేదు. "ఎంత కరెంటు పోతది దాంట్ల?" అన్నాడు. ఏం పోదన్నాను. "వంగుతదా, అట్లనే ఉంటదా?" అన్నాడు. మూత తీసినప్పుడల్లా వంగుతది అన్నాను. "అయితే మల్టీ స్ట్రాండ్. సెవెన్ థర్టీసిక్స్ తీస్కపో" అని ఐదు రంగులు తలా రెండు మీటర్లు కోసిచ్చాడు. నేను రెండు రోజులు చదివి తెలుసుకున్నది ఆయన రెండు ప్రశ్నల్లో తేల్చేశాడు.

ఈ 7/36 అనేది మన దగ్గర షాపుల భాష. 36 గేజ్ పోగులు ఏడు కలిపి మెలేసిన వైరు అని అర్థం. లెక్క కడితే 0.2 స్క్వేర్ ఎంఎం వస్తది. ఆన్‌లైన్‌లో గిటార్‌కు చెప్పే 24 ఏడబ్ల్యూజీ అన్నా ఇదే మందం. ఇంకొంచెం గట్టిది కావాలంటే 14/36 అడగండి, అది 0.4 వస్తది, ఏడబ్ల్యూజీ లెక్కలో 22 కంటే కొంచెం మందం. ఈ రెండింటిలో ఏదైనా సరే. షాపులో ఏడబ్ల్యూజీ అంటే కొందరికి తెల్వదు, 7/36 అంటే అందరికీ తెలుస్తది.

మీరు కొనేటప్పుడు చూసుకోవాల్సినవి ఇవి:

ఒంటి తీగనా, పోగులదా? ఒంటి తీగ వంచినట్టే ఉంటది, లోపల చక్కగా అమర్చుకోవచ్చు. కానీ నాలుగైదుసార్లు వంచితే పుటుక్కున విరుగుతది. జాక్ దగ్గర, మూతతో కలిసి కదిలే చోట పోగుల వైరే వెయ్యండి.

పై తొడుగు ఏంది? మామూలు పీవీసీ అయితే చౌక, కానీ ఐరన్ ఎక్కువసేపు ఆనితే ముడుచుకుని వెనక్కి పోతది, పక్క వైరుకు రాగి తగులుతది. టెఫ్లాన్ తొడుగు వేడికి ఏమీ కాదు, ఒలవడం మాత్రం కష్టం, బ్లేడు రాగికి తగలకుండా చూసుకోవాలె. చెయ్యి కుదరనోళ్లు పీవీసీతోనే మొదలుపెట్టండి, రెండు మూడు సెకన్లలో టంకం పూర్తి చేసుడు నేర్చుకోండి. గుండీ వీపుకు టంకం పెట్టేటప్పుడు 25 వాట్ల ఐరన్ ఆగమాగం చేస్తది, 40 వాట్లు, వెడల్పు మొన ఉన్నది మేలు. గట్టి వేడి, తక్కువ సేపు.

రాగేనా? మనలో చాలామంది అడిగేది, ల్యాన్ కేబుల్ ముక్కలు వాడొచ్చా అని. వాడొచ్చు. దాంట్లో ఉండేది ఎక్కువగా 24 గేజ్ ఒంటి తీగ, ఎనిమిది పోగులు ఎనిమిది రంగుల్లో ఫ్రీగా దొరుకుతయి. కానీ చౌక ల్యాన్ కేబుల్లో పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉంటది. బ్లేడుతో గీకి చూడండి. లోపల ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా మెరిస్తే అల్యూమినియం, అది టంకం సరిగ్గా పట్టదు, వంచితే విరుగుతది, పారేయండి.

షీల్డ్ వైరు కావాల్నా? పొడుగు దూరం పోయే చోట, అంటే లెస్ పాల్ రకం గిటార్లలో పైనున్న స్విచ్ నుంచి కింద గుండీల దాకా, షీల్డ్ వైరు మంచిది. స్ట్రాట్ రకంలో అన్నీ దగ్గర దగ్గరే కాబట్టి తప్పనిసరి కాదు. సిగ్నల్ వైరును, గ్రౌండ్ వైరును కలిపి మెలేస్తే చాలావరకు సరిపోతది. షీల్డ్ వేసినోళ్లు జాగ్రత్త: ఆ జాలీనే గ్రౌండ్‌గా వాడితే రెండు చివరలా టంకం పెట్టాలె. గ్రౌండ్‌కు వేరే నల్ల వైరు ఉంటే ఒక్క చివర చాలు. రెండో చివర జాలీ పోగు ఒక్కటి బయటికొచ్చి సిగ్నల్‌కు తగిలినా గిటార్ మూగబోతది, అందుకే దానికి ష్రింక్ ట్యూబు తొడగండి.

ఇంకో మాట. వైరుతో సౌండ్ నిజంగా మారేది లోపల కాదు, బయట. గిటార్ నుంచి ఆంప్‌కు పోయే కేబుల్‌కు కెపాసిటెన్స్ ఉంటది, మామూలుగా మీటరుకు 100 పికో ఫారడ్ల దగ్గర దగ్గర. ఐదు మీటర్లయితే 500. అది పెరిగినకొద్దీ పై స్వరాలు మొద్దుబారుతయి. పన్నెండు వందలు ఖర్చు పెట్టాలనే ఉంటే మంచి కేబుల్ కొనుక్కోండి, అవసరమున్నంత పొడుగే కొనుక్కోండి.

ఇప్పుడు ఆ నల్ల వైరు సంగతి.

నేను అనవసరమని తీసేసిన వైరు గిటార్ బ్రిడ్జిని, దాని ద్వారా ఆరు తీగల్ని గ్రౌండ్‌కు కలిపే వైరు. మన ఒళ్లు చుట్టూ ఉన్న 50 హెర్ట్జ్ కరెంటు గోలను యాంటెనాలెక్క పట్టుకుంటది. తీగలు గ్రౌండ్‌కు కలిసి ఉంటే, మన చెయ్యి తీగల మీద పడగానే ఒళ్లు కూడా గ్రౌండ్ అయితది, గోల తగ్గుతది. ఆ రోజు తీగలు పట్టుకున్నా ఊళ పోకపోవడానికి, ఇనుప ప్లేటు ముట్టుకోగానే సగం తగ్గడానికి కారణం ఇదే. జాక్ ప్లేటు గ్రౌండ్‌కు కలిసి ఉంది, తీగలు కలిసి లేవు.

అయితే వెంటనే ఆ వైరు పెట్టేసి పాస్ అయిపోదామనుకున్నాను. టంకం వేడి చేసుకుంటూ కూసున్నప్పుడు తట్టింది. ప్లేటు ముట్టుకుని మైకు తాకితే నాకు చురుక్కుమంది గదా? అంటే ఆ ప్లేటుకు, మైకుకు మధ్య వోల్టేజి ఉంది. ఇప్పుడు ఈ వైరు పెడితే ఆరు తీగలూ ఆ ప్లేటుతో ఒక్కటైతయి. పాట పాడుకుంటూ వాయించేటోడి రెండు చేతులూ తీగల మీద, మూతి మైకు మీద. నేను తప్పుగా వదిలేసిన వైరే ఆ సాయంత్రం తీగల్ని నాకు తగలకుండా చేసింది. ఊళ పోగొట్టే పని, షాక్‌కు దారి వేసే పని, రెండూ ఒక్కటే వైరుతో అయితయి.

ఐరన్ ప్లగ్గు పీకేసి లేచి, టెస్ట్ ల్యాంపు పట్టుకుని హాలులోకి పోయాను. ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య బల్బు వెలిగింది. ఫేజుకు, పైనున్న పెద్ద రంధ్రం, ఎర్త్ పిన్నుకు మధ్య పెడితే వెలగలేదు. హాలులో ఏ బోర్డు చూసినా అంతే. మూడు రంధ్రాలున్నయి, మూడోది ఉత్త రంధ్రమే. ఆంప్లిఫయర్‌లో ఉండే చిన్న లీకేజీ ఎర్త్‌లోకి పోవాల్సింది, దారి లేక దాని ఇనుప బాడీ మీద నిలబడి ఉంది. మైకు సెట్టు బయట నుంచి తెచ్చింది, దాన్ని వేరే గదిలోంచి లాగారు. రెండింటి మధ్య నేను దారి అయ్యాను. ఆ రోజు లీకేజీ చిన్నది కాబట్టి చురుక్కుమంది. ఆంప్ లోపల ఒక్క వైరు ఊడి బాడీకి తగిలి ఉంటే 230 వోల్టులు పెదవి మీద ఉండేవి.

ఇది ఊహ కాదు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ అనే బ్యాండ్ గిటారిస్టు లెస్లీ హార్వీ స్టేజీ మీదనే, ఎర్త్ సరిగ్గా లేని మైకు తగిలి షాక్‌తో చనిపోయాడు. పేరున్న బ్యాండ్, పెద్ద దేశం. మన పిల్లలు జనరేటర్ల మీద, కొండి లైన్ల మీద, టూ పిన్ అడాప్టర్ల మీద ప్రోగ్రాములు చేస్తుంటారు.

మా గదిలో నలుగురం కలిసి వార్డెన్ సార్‌కు కాగితం రాసిచ్చాం. పదిహేను రోజులు తిరిగాం. చివరికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మెయిన్ బోర్డు దగ్గర ఎర్త్ తీగ ఎప్పుడో ఊడి, తుప్పు పట్టి వేలాడుతుంది. బయట ఎర్త్ గుంత మూత తీస్తే ఎండి పగుళ్లు పట్టి ఉంది. తీగ మార్చాడు, ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోశాడు. టెస్ట్ ల్యాంపు పెడితే ఈసారి వెలిగింది. ఆ హాలులో కూలర్లు, ఐరన్ బాక్సులు, వాటర్ హీటర్లు అన్నీ అన్ని రోజులు ఎర్త్ లేకుండానే నడిచినయి. గిటార్ ఊళ పెట్టకపోతే ఎవ్వరం చూసేవాళ్లం కాదు.

దాని తర్వాతనే ఐరన్ వేడి చేశాను. 7/36 వైరు వేశాను, సిగ్నల్‌కు తెల్లది, గ్రౌండ్‌కు నల్లది. బ్రిడ్జి వైరును స్ప్రింగుల కొండికి టంకం పెట్టాను. ఆంప్‌కు తగిలిస్తే ఊళ మొత్తం పోలేదు. అబద్ధం చెప్పను, సింగిల్ కాయిల్ పికప్ తానే కొంత గోల పట్టుకుంటది, ఏ వైరు వేసినా అది పోదు. లోపలి గూటికి రాగి రేకు అంటించి గ్రౌండ్‌కు కలిపితే ఇంకొంత తగ్గుతది. వంటింటి అల్యూమినియం రేకు కూడా పనిచేస్తది కానీ దానికి టంకం అంటదు, స్క్రూ కింద నొక్కి కలపాలె. నాది ఇప్పుడు పాట మధ్యలో వినపడనంత తగ్గింది.

దీపావళికి, దండారి రోజుల్లో మళ్లీ ఊరికి తీస్కపోయిన. ఈసారి ఆంప్ తగిలించకముందు ఇంటి బోర్డులో టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాను. మా ఇంట్లో కూడా ఎర్త్ లేదు! రెండు రోజులు నేనూ బాపూ కలిసి పెరట్లో గుంత తవ్వి ఎర్త్ పైపు దింపాం. కూలి పైసల్లోంచి 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ కూడా కొనుక్కుపోయిన. కరెంటు పోయిన దారిన తిరిగి రాకుండా మనిషి ఒంట్లోంచి నేలలోకి పోతే, అది పసిగట్టి క్షణంలో లైన్ కోసేస్తది. బాపు దాని మీద ఉన్న టెస్ట్ గుండీని ఐదారుసార్లు నొక్కి చూసిండు. ప్రతిసారి టక్‌మని పడుతుంటే ఏమీ మాట్లాడలేదు. కాక సంగతి మేమిద్దరం ఎత్తుకోలేదు.

అప్పుడు గిటార్ తగిలించాను. ఒళ్లో పెట్టుకుని, తీగల మీంచి చెయ్యి తీసి, "అవ్వా, ఒక్కసారి ముట్టుకో" అన్నాను. చాలాసేపు రాలేదు. చివరికి కొంగుకు చెయ్యి తుడుచుకుని ఒక్క వేలు తీగ మీద పెట్టింది. సన్నగా వస్తున్న గోల తగ్గింది. వేలు తీసింది, మళ్లొచ్చింది. మళ్లీ పెట్టింది, తగ్గింది.

"నేను పెడితే ఎందుకు ఆగుతది?" అంది.

ఈసారి నవ్వలేదు. తీగ నుంచి నల్ల వైరు, నల్ల వైరు నుంచి కేబుల్, కేబుల్ నుంచి ఆంప్, ఆంప్ నుంచి మూడో పిన్ను, అక్కడి నుంచి పెరట్లో మేం తవ్విన గుంత. అన్నీ వరసగా చూపించాను. ఆమె పెరట్లోకి పోయి ఆ గుంత కూడా చూసొచ్చింది.

ఆ సాయంత్రం మా ఊళ్లె కిక్రి వాయించే ప్రధాన్ తాత వచ్చిండు. గిటార్ వెనక మూత తీయించుకుని లోపల చూసిండు. "ఇది చెడిపోతే ఎవరు చేస్తరు?" అన్నడు. నేనే చేసిన తాతా అన్నాను. ఆయన కిక్రికి తీగ పోయినా, తోలు చినిగినా ఆయనే చేసుకుంటడు. తల ఊపి, "అయితే వాయించు" అన్నడు. హాస్టల్‌లో "ఇదెందుకు" అన్నాయనకు నేను ఆ రోజు జవాబు చెప్పలేకపోయిన. ఇప్పుడు అడిగినా చెప్పాలని లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చివరగా మూడు మాటలు. లోపలికి 7/36 మల్టీ స్ట్రాండ్ వైరు చాలు, రాగి అయితే చాలు. బ్రిడ్జి వైరు వదిలెయ్యకండి. ఆ వైరు పెట్టే ముందు, వాయించే చోట ఎర్త్ ఉందో లేదో తెలిసినోళ్లతో చూపించండి. బోర్డుల్లో వేలు పెట్టుడు రానోళ్లు మీరే ప్రయత్నించకండి. ఊళ తగ్గుతదని ఎవరన్నా ప్లగ్గుకు ఉన్న మూడో పిన్ను కోస్తే, ఆ ప్లగ్గు పీకి అవతల పారేయండి, వాళ్లు ఎంత పెద్ద సౌండ్ ఇంజనీరైనా సరే.

సంక్రాంతి సెలవుల్లో నేను ఉట్నూర్‌లో ఉంటా. గిటార్, కీబోర్డు, మైకు ఏది చెడిపోయినా తెచ్చుకోండి. ఐరన్ నాది, టంకం నాది, వైరు కూడా ఐదు రంగులు ఇంకా మిగిలే ఉంది. ఊళ్లల్ల ప్రోగ్రాం పెట్టుకునేటోళ్లు ముందు రోజు చెప్తే టెస్ట్ ల్యాంపు పట్టుకుని నేనే వస్తా.

జై ఆదివాసీ!